ఆపరేషన్ అయిపోయింది కదా!

డిసెంబరు పొద్దు. ధర్మపురిలో మీరెక్కిన జీపు కొండ అడుగున కొమ్మనాయకనహళ్లి దాటగానే డ్రైవరు గేరు తగ్గిస్తాడు. ఇక అంతా ఎక్కుడే. హెయిర్‌పిన్ మలుపు తిరిగినప్పుడల్లా మీ భుజం పక్కనున్న నర్సు భుజానికి తగులుతుంది. ఆవిడ ఒళ్లో బరువు చూసే మిషను, కాళ్ల దగ్గర మందుల పెట్టె, ముందు సీట్లో డాక్టరమ్మ. మలుపులు ఇరవై దాటతాయి. సగం దారిలో చెవులు దిబ్బళ్లు పడతాయి. పైకి వెళ్లేకొద్దీ గాలి చల్లబడి, సిల్వర్ ఓక్ చెట్లూ, వాటిని పట్టుకుని పాకిన మిరియపు తీగలూ, ఆ నీడలో ఎర్రగా పండిన కాఫీ కాయలూ మొదలవుతాయి.

ఇది వత్తల్‌మలై. ధర్మపురి పట్నానికి దాదాపు పాతిక కిలోమీటర్లు, సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తు. పెరియూర్, పాల్‌సిలంబు లాంటి చిన్న చిన్న పల్లెలు. ఉండేవాళ్లలో ఎక్కువమంది మలయాళీ గిరిజనులు. వీళ్లు కేరళవాళ్లు కారు. కంచి వైపు నుంచి వచ్చి కొండెక్కిన వాళ్ల సంతతి అని చెప్పుకుంటారు, మాట తమిళం. సామలు, రాగులు, కాఫీ, మిరియాలు వాళ్ల బతుకు. తారు రోడ్డు పడకముందు జబ్బు చేసిన మనిషిని డోలీ కట్టి భుజాల మీద దించేవాళ్లు.

మీరు వచ్చింది బడి పిల్లల ఆరోగ్య పరీక్షల జట్టుతో. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013లో మొదలైంది. బడి పిల్లలను ఏడాదికోసారి, అంగన్‌వాడీ పిల్లలను రెండుసార్లు చూడాలన్నది దాని నియమం. వరండాలో బల్ల వేశారు. పిల్లలు వరుసగా వస్తున్నారు. బరువు, ఎత్తు, కళ్లు, పళ్లు, చెవులు. ఒక్కొక్కరికి నాలుగైదు నిమిషాలు. ఆ నిమిషాల్లోనే స్టెతస్కోపు ఛాతీ మీద నాలుగు చోట్ల ఆగాలి. మిగతావన్నీ కంటికి కనపడతాయి, గుండె లోపం చెవికి తప్ప దొరకదు.

పదమూడేళ్ల పిల్ల వంతు వచ్చింది. ఈమె ఫలానా ఇంటి పిల్ల అని వెతక్కండి. ఏ ఒక్క ఇంటి పిల్లా కాదు. ఇలాంటి గుండెతో పుట్టిన పిల్లలకు జరిగేదంతా ఒక్కచోట చేర్చి ఈమెను మీ ముందు నిలబెడుతున్నాను. డాక్టరమ్మ స్టెతస్కోపు పెట్టిన చోటనే చాలాసేపు ఆపింది. కళ్లు మూసుకుంది. తర్వాత చెవుల్లోంచి తీసి మీకందించింది. కృష్ణగిరి వైపు తెలుగింటి ఆడబిడ్డ అయిన నర్సు పక్కనుంచి, "వినండి, ఎడమపక్క పైన. రెండు చప్పుళ్ల మధ్యన ఏముందో చూడండి" అంటోంది.

లబ్. ఆ తర్వాత రావాల్సిన డబ్‌కి ముందే గరగరమని ఒరిపిడి. ఇరుకు సందులోంచి బలవంతంగా తోసుకుపోతున్న రక్తం చేసే చప్పుడది. డబ్ తర్వాత కూడా నిశ్శబ్దం లేదు, సన్నటి ఊదు వినిపిస్తోంది. వెళ్లిన రక్తంలో కొంత వెనక్కి వస్తోంది. అంటే తలుపు పూర్తిగా తెరుచుకోవడం లేదు, పూర్తిగా మూసుకోవడమూ లేదు. అప్పుడు మీ కంట పడుతుంది అంగీ కాలరు పక్కన పైకొస మాత్రం కనిపిస్తున్న నిట్టనిలువు మచ్చ. ఛాతీ ఎముక కోసి కుట్టిన గుర్తు.

తండ్రి కాఫీ గింజలు ఆరబోసే కళ్లం నుంచి వచ్చాడు, చేతులకు ఇంకా పొట్టు అంటుకునే ఉంది. డాక్టరమ్మ అడిగింది: బిడ్డను చివరిసారి గుండె డాక్టరుకు చూపించింది ఎప్పుడు? ఆయన మొహంలో నిజమైన ఆశ్చర్యం.

"ఆపరేషన్ అయిపోయింది కదా, డాక్టరమ్మా!"

ఆ ఒక్క మాటలోనే ఈ వ్యాసమంతా ఉంది. ఆయనది నిర్లక్ష్యం కాదు. చిన్నప్పుడు నీలంగా ఉన్న బిడ్డ ఆపరేషన్ తర్వాత ఎర్రబారింది, నడిచింది, బడికి పోయింది. ఇంతకంటే నయం కావడం అంటే ఏమిటి? కొన్నేళ్లు చెన్నైకి తిరిగాడు కూడా. ప్రతిసారీ రానూపోనూ రెండు రోజుల కూలి పోయేది, ప్రతిసారీ "బాగుంది, వచ్చే ఏడు రండి" అనేవాళ్లు. బాగున్నదాన్ని చూపించడానికి ఎన్నిసార్లని వెళ్తాడు? గత నాలుగేళ్లుగా మానేశాడు. ఈమధ్య పిల్ల బడి మెట్ల దగ్గర ఆగి ఊపిరి పీల్చుకుంటోంది. ఎదిగే పిల్ల కదా, నీరసం అనుకున్నారు.

ప్లాస్టిక్ కవరులో మడతపెట్టిన ఫైలు వచ్చింది. వరండా బల్ల మీద పరిచి చదవండి. ఒక గుండె జీవితం మొత్తం అందులో ఉంది.

మొదటి కాగితం: పుట్టిన మూడో రోజు. పల్మనరీ అట్రీషియా, గుండె గదుల మధ్య చిల్లు. గుండె నుంచి ఊపిరితిత్తులకు వెళ్లే ద్వారం అసలు తయారే కాలేదు. గర్భంలో బిడ్డకు ఇబ్బంది లేదు, డక్టస్ అనే చిన్న నాళం పని నడిపిస్తుంది. పుట్టిన కొద్ది రోజులకు ఆ నాళం సహజంగా మూసుకుపోతుంది. ఈ బిడ్డకు అది మూసుకుంటే ఊపిరితిత్తులకు రక్తం అందదు. ప్రోస్టాగ్లాండిన్ మందు ఎక్కిస్తూ నాళాన్ని తెరిచి ఉంచి, పెద్దాసుపత్రికి చేర్చి, సన్నటి తీగ మీదుగా అందులో స్టెంటు పెట్టారు. పెద్దవాళ్ల గుండెపోటుకు వాడే కరోనరీ స్టెంటే, నాలుగు మిల్లీమీటర్లది. 1944లో అమెరికాలో జాన్స్ హాప్కిన్స్‌లో బ్లలాక్, టాసిగ్, థామస్ కనిపెట్టిన షంట్ ఆపరేషన్‌కు బదులుగా ఇప్పుడు చాలామంది పసికందులకు ఈ స్టెంటే ఊపిరి నిలబెడుతోంది. కరోనరీ స్టెంట్ల ధరకు 2017 ఫిబ్రవరిలో కేంద్రం పరిమితి విధించినప్పుడు పత్రికలన్నీ గుండెపోటు రోగుల గురించే రాశాయి. ఆ స్టెంటుతో బతికే నీలం పిల్లలూ ఉన్నారని అప్పుడే చెప్పుకుని ఉండాల్సింది.

రెండో కాగితం: నాలుగో ఏడు. ఛాతీ తెరిచి, చిల్లు మూసి, కుడి జఠరిక నుంచి ఊపిరితిత్తుల ధమనికి కొత్త దారి వేశారు. దాత గుండె నుంచి తీసి భద్రపరిచిన, కవాటంతో సహా ఉన్న నాళం, పద్దెనిమిది మిల్లీమీటర్ల వెడల్పు. కింద ఇంగ్లీషులో టైపు చేసిన వాక్యం: ప్రతి ఏటా పరీక్షకు రావాలి, భవిష్యత్తులో నాళం మార్చాల్సి రావచ్చు. తండ్రికి ఇంగ్లీషు రాదు.

నాళం పెరగదు, పిల్ల పెరుగుతుంది. నాలుగేళ్లప్పుడు తొడిగిన గాజు పదమూడేళ్ల మణికట్టుకు ఎలా బిగుస్తుందో ఈ నాళమూ అంతే. పైగా అందులో సున్నం పేరుకుంటుంది, కవాటం రెక్కలు బిరుసెక్కుతాయి. ఆపరేషన్‌లో తప్పు జరిగి కాదు, అది ఉండే తీరే అంత. ఈ సంగతి ఫైలులో ఉంది, ఇంట్లో లేదు.

మన దేశంలో ఏటా రెండు లక్షలకు పైగా పిల్లలు గుండె లోపంతో పుడుతున్నారని అంచనా. వెయ్యి కాన్పుల్లో ఎనిమిదో తొమ్మిదో. వీళ్లలో చిన్న చిల్లు తనంతట తానే పూడుకునేవాళ్లు కొందరు, ఒక్కసారి సరిచేస్తే దాదాపు మర్చిపోగలిగేవాళ్లు కొందరు. ఈ పిల్లలాంటి వాళ్లు మూడో రకం. వీళ్లకు వైద్యం జీవితం పొడవునా సాగుతుంది.

వారం తర్వాత ధర్మపురి ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలో ఎకో గదిలో మీరు నిలబడి ఉన్నారు. తెర మీద కుడి జఠరిక ఉబ్బి, గోడలు మందమై కనిపిస్తోంది. మామూలుగా ఎడమ గది ఒత్తిడిలో పావు వంతుతో పని చేసుకునే గది అది. ఇప్పుడు మూడింట రెండొంతులు దాటిపోయింది. ఇంకా ఆగితే కండరం అలసిపోతుంది, లయ తప్పుతుంది. అలా చెడిన కండరాన్ని తర్వాత ఎంత మంచి కవాటం పెట్టినా పూర్తిగా వెనక్కి తేలేరు. డాక్టరు ఫోనెత్తి చెన్నైకి మాట్లాడాడు.

ఒకప్పుడైతే ఛాతీ మళ్లీ తెరవాల్సిందే. రెండోసారి తెరవడం మొదటిసారంత సుళువు కాదు. లోపల గుండె, నాళం ఎముక వెనక అతుక్కుపోయి ఉంటాయి, రంపం ఎక్కడ తగులుతుందోనని సర్జను గుండె చిక్కబట్టుకోవాలి. 1982లో జాన్స్ హాప్కిన్స్‌లో జీన్ కాన్, ఇరుకైన పల్మనరీ కవాటాన్ని కోత లేకుండా బెలూన్‌తో తెరిచి చూపించింది. ఆ దశకంలోనే ఆ పద్ధతిని పిల్లల్లో కుదుటపరిచి, ఎంత బెలూన్, ఎవరికి, తర్వాత ఏమవుతుంది అని ఏళ్ల తరబడి లెక్కగట్టి రాసినవాళ్లలో మన తెలుగు వైద్యుడు పి. శ్యామసుందరరావు ముందువరసలో ఉంటాడు. రియాద్‌లో, తర్వాత అమెరికాలో ఆయన చేసిన పని ప్రపంచమంతా చదువుకుంది. 1980ల చివరలో హ్యూస్టన్‌లో చార్లెస్ మలిన్స్ బృందం పిల్లల ఊపిరితిత్తుల ధమనుల్లో స్టెంట్లు పెట్టింది. చివరికి 2000లో పారిస్‌లోని నెక్కెర్ పిల్లల ఆసుపత్రిలో ఫిలిప్ బోన్‌హోఫర్, సరిగ్గా ఇలాంటి పాత నాళమే ఇరుకైన పన్నెండేళ్ల అబ్బాయికి, పశువు మెడ సిరలోని కవాటాన్ని స్టెంటులో కుట్టి, సిర దారిన గుండెకు చేర్చాడు. ప్రపంచంలో ఛాతీ కోయకుండా గుండెలో కవాటం అమర్చుకున్న మొదటి మనిషి ఒక పిల్లవాడు. పెద్దవాళ్లకు అలా పెట్టిన బృహద్ధమని కవాటం దాని తర్వాత, 2002లో వచ్చింది. పిల్లల గుండె వైద్యులు ఈ సంగతి గర్వంగా చెప్పుకుంటారు, చెప్పుకోవాలి కూడా.

ఇప్పుడు చెన్నై. క్యాథ్ ల్యాబ్ తలుపు ముందు మీకు సీసం ఏప్రాన్ తొడిగారు. భుజాలు బరువెక్కాయి. లోపల చలి. పిల్ల బల్ల మీద నిద్రపోతోంది, మత్తు డాక్టరు తల దగ్గర. బల్లకు అటూ ఇటూ రెండు ఎక్స్‌రే యంత్రాలు. రక్తం సీసాలు సిద్ధంగా ఉన్నాయి. సర్జన్ల బృందానికి ముందే చెప్పి ఉంచారు, అవసరం పడకూడదనే అందరి కోరిక.

గజ్జ దగ్గర అల్ట్రాసౌండ్ పెట్టి, సూది సిరలోకి పోయింది. సూదిలోంచి తీగ, తీగ మీదుగా షీత్ అనే గొట్టం. రక్తం గడ్డకట్టకుండా హెపారిన్. క్యాథెటర్ పొట్టలోని పెద్ద సిర గుండా పైకి, కుడి కర్ణిక, కుడి జఠరిక. తెర మీద ఒత్తిడి గీత ఎగిరింది: 82. చేతి కఫ్ చెప్పే శరీర రక్తపోటు 104. క్యాథెటర్ ఇరుకు దాటి ధమనిలోకి వెళ్లగానే గీత కూలిపోయి 22 దగ్గర ఆగింది. అరవై అంకెల తేడా. కొండ మీద మీ చెవిలో గరగరలాడింది ఈ తేడానే.

రంగు మందు ఎక్కించారు. నాళం నల్లగా వెలిగింది, మధ్యలో తొమ్మిది మిల్లీమీటర్ల ఇరుకు, చుట్టూ సున్నపు గీతలు.

ఇక్కడ ఎవరూ తొందరపడరు. నాళం పక్కనుంచే గుండెకు రక్తమిచ్చే కరోనరీ ధమని పోతూ ఉంటుంది. నాళాన్ని సాగదీస్తే అది నొక్కుకుపోవచ్చు. వందలో సుమారు ఐదుగురిలో ఆ ప్రమాదం ఉంటుంది, తెలియకుండా స్టెంటు పెడితే బల్ల మీదే ప్రాణం పోతుంది. అందుకని ముందు ఉత్త బెలూన్ ఉబ్బిస్తారు, అదే క్షణంలో తొడ ధమని దారిన వెళ్లిన ఇంకో క్యాథెటర్‌తో కరోనరీలో రంగు మందు వదులుతారు. "ఇన్‌ఫ్లేట్." బెలూన్‌కు నడుము కనిపించింది. ఊపిరితిత్తులకు దారి మూతపడటంతో రక్తపోటు గీత జారుతోంది... 80, 65, 50. గదిలో ఎవరూ మాట్లాడరు. కరోనరీ కొమ్మలన్నీ చివరిదాకా నిండాయి, బెలూన్‌కూ వాటికీ మధ్య కావలసినంత ఎడం ఉంది. "డిఫ్లేట్." గీత మళ్లీ లేచింది. మీరు ఊపిరి బిగపట్టి ఉన్నారని అప్పుడు తెలుస్తుంది.

ముందు ప్లాటినం-ఇరిడియం స్టెంటు. కవాటం కూర్చోవడానికి గట్టి అరుగు కావాలి. అది లేకుండా పెడితే గుండె కొట్టుకున్నప్పుడల్లా నలిగి స్టెంటు తీగలు విరిగిపోతాయని మొదటి ఏళ్ల అనుభవం నేర్పింది. బెలూన్ ఉబ్బింది, నడుము పోయింది, లోహపు జాలీ నాళం గోడకు హత్తుకుంది.

మూలనున్న బల్ల దగ్గరికి రండి. సీసాలోంచి తీసిన మెలొడీ కవాటాన్ని నర్సు సెలైన్‌లో పదేపదే కడుగుతోంది, నిలవ మందు వాసన పూర్తిగా పోవాలి. పశువు మెడ సిర, లోపల మూడు పల్చటి రెక్కలు, చుట్టూ స్టెంటు. రక్తం బయటికి పోయే కొసన నీలం దారంతో కుట్టు ఉంది. గొట్టం ముక్కు కూడా నీలమే. తలకిందులుగా ఎక్కిస్తే కవాటం అడ్డుగోడ అవుతుంది. అందుకే ఇద్దరు మనుషులు చూసి, పైకి వినపడేలా చెప్పాలి. "బ్లూ టు బ్లూ." ఇంకొకరు: "బ్లూ టు బ్లూ." వేళ్లతో మెల్లగా నొక్కి బెలూన్ మీద బిగించారు. ఈ గొట్టం 22 ఫ్రెంచ్, అంటే ఏడు మిల్లీమీటర్లు దాటిన లావు. అందుకే చిన్న పిల్లలకు ఈ దారి ఇవ్వలేరు, సిరకు సరిపడే ఒళ్లు రావాలి.

లోపలి బెలూన్, తర్వాత బయటి బెలూన్. కొన్ని క్షణాలు గీత మళ్లీ కూలి, మళ్లీ లేచింది. ఇప్పుడు చదవండి: కుడి జఠరిక 36. ధమని 25. రంగు మందు వదిలారు, ఒక్క చుక్క వెనక్కి రాలేదు. మూడు రెక్కలు తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి. గజ్జలో ఒక్క కుట్టు. ఛాతీ మీద కొత్త గీత లేదు.

అందరికీ ఇదే కవాటం సరిపోదు. ఫాలోస్ టెట్రాలజీ అనే గుండె లోపానికి ఆపరేషన్ అయి, దారి బాగా వెడల్పుగా ఉన్న పిల్లలకు పెద్ద కవాటం కావాలి. గుజరాత్‌లోని వాపిలో మెరిల్ సంస్థ తయారుచేసే మైవాల్ పెద్ద సైజుల్లో దొరుకుతోంది, మన దేశపు వైద్యులు దాన్ని ఈ చోటుకు కూడా వాడుతున్నారు. చెన్నై మద్రాస్ మెడికల్ మిషన్‌లో కోదండం శివకుమార్ బృందం, కోత తప్పదనుకున్న ఒక రకం చిల్లును కవర్డ్ స్టెంటుతో మూయడంలో పేరు తెచ్చుకుంది. హైదరాబాదు వైద్యుడు కోనేటి నాగేశ్వరరావు ఆలోచనలోంచి వచ్చిన కోనార్-ఎంఎఫ్ పరికరం జఠరికల మధ్య చిల్లు మూయడానికి ఎన్నో దేశాల్లో వాడుకలో ఉంది. తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానం 2021 అక్టోబరులో పిల్లల గుండె ఆసుపత్రి తెరిచింది. పసికందులో పెట్టి, పిల్ల పెరిగేకొద్దీ బెలూన్‌తో పెద్దవాళ్ల కొలతదాకా సాగదీయగల మినిమా స్టెంటుకు అమెరికాలో 2024లో అనుమతి వచ్చింది. చేతులున్నాయి, పరికరాలు వస్తున్నాయి. కొండకూ ఈ బల్లకూ మధ్య దారి మాత్రం ఇంకా ఒక డాక్టరమ్మ చెవి మీద, ఒక తండ్రి జ్ఞాపకం మీద నడుస్తోంది.

వార్డులో పిల్ల కళ్లు తెరిచింది. ఆకలంటోంది. "కణ్ణు, సాయంత్రందాకా కాలు కదపకూడదు" అని సిస్టరు దుప్పటి సర్దుతోంది. తండ్రి మంచం పక్కన నిలబడి పిల్ల పెదాలకేసి చూస్తున్నాడు. నీలం పిల్లల తండ్రులు ఎన్నేళ్లయినా ముందు పెదాలే చూస్తారు.

మూడో రోజు డిశ్చార్జి. ఈసారి డాక్టరు కాగితం చేతిలో పెట్టి ఊరుకోలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని తమిళంలో చెప్పాడు, ఆయనతో తిరిగి చెప్పించాడు. రోజూ ఆస్పిరిన్. రోజుకు రెండుసార్లు పళ్లు తోమాలి. ఇది మర్యాద కోసం చెప్పే మాట కాదు. పుచ్చిన పంటిలోంచి రక్తంలోకి దిగిన క్రిమి వెళ్లి కొత్త కవాటం మీద కూర్చుంటుంది, ఈ రకం కవాటానికి ఆ బెడద మరీ ఎక్కువ. పన్ను పీకించాలంటే ముందుగా యాంటిబయాటిక్ మాత్ర వేసుకుని వెళ్లాలి. కారణం తెలియని జ్వరం వస్తే మెడికల్ షాపులో యాంటిబయాటిక్ కొని మింగించకూడదు. ముందు రక్తం తీసి కల్చర్‌కు పంపాలి, ఆ తర్వాతే మందు. ముందే మింగిస్తే క్రిమి దాక్కుంటుంది, కవాటం పోయేదాకా బయటపడదు.

"ఇంకెన్నాళ్లు, సార్?"

"ఈ కవాటం పదేళ్లు ఆడొచ్చు, ఇంకా ఎక్కువే ఆడొచ్చు. తర్వాత దీనిలోపలే ఇంకోటి, ఇదే దారిన. పెళ్లయి కాన్పు అనుకున్నప్పుడు ముందుగా గుండె డాక్టరుకు చెప్పాలి. అన్నా, ఇది అయిపోయేది కాదు. ఏడాదికోసారి వస్తే చాలు, బిడ్డ బతుకు బిడ్డ బతుకుతుంది."

నిజమే. అయితే ఆ ఏడాదికోసారిని మళ్లీ ఆయన ఒక్కడి మీదే వదిలేస్తే నాలుగేళ్ల ఎడం మళ్లీ వస్తుంది. పక్క జిల్లా కృష్ణగిరిలోని సామనపల్లిలో 2021 ఆగస్టు 5న మొదలైన మక్కళై తేడి మరుత్తువం పథకంలో ఆడవాళ్లు ఇంటింటికీ వెళ్లి బీపీ, షుగరు చూస్తున్నారు, మాత్రలు ఇస్తున్నారు. గుండె ఆపరేషన్ అయిన పిల్లల పేర్లు, వాళ్ల తర్వాతి ఎకో తేదీలు వాళ్ల పుస్తకంలోనే రాసి ఇస్తే? మాత్ర ఇవ్వడానికి ఎలాగూ పక్కింటికి వస్తున్నారు. తేదీ దాటితే తలుపు తట్టి అడగడానికి వేరే యంత్రం అక్కర్లేదు. ప్రయాణపు ఖర్చు, పోయిన కూలి డబ్బు కూడా వైద్యంలో భాగమేనని లెక్కగట్టాలి. కవాటం ఇచ్చిన ప్రభుత్వం బస్సు చార్జీ దగ్గర ఆగిపోవడం నాకు ఏ విధంగానూ సరైన లెక్కగా తోచదు.

జూన్‌లో బడి తెరిచాక జీపు మళ్లీ కొండెక్కింది. పిల్ల ఎకో రిపోర్టు చూసి, తర్వాతి తేదీ నర్సు రిజిస్టరులో ఎక్కించుకుంది. పళ్లు చూపించమంది, ఒకటి పుచ్చు మొదలైంది, ధర్మపురి పంటి డాక్టరుకు చీటీ రాసింది. ఇంతలో ఫోను. కింది పల్లె అంగన్‌వాడీ నుంచి ఆయా మాట్లాడుతోంది. రెండు నెలల పసివాడు, తూకం పెరగడం లేదు, పాలు తాగుతూ తాగుతూ నుదుటికి చెమట పట్టి ఆపేస్తున్నాడట. సోమవారం చూద్దామా అని డ్రైవరు అడిగాడు. డాక్టరమ్మ అప్పటికే జీపులో కూర్చుంది, ఇప్పుడే పోనిమ్మంటోంది.